గ్రేట్ ఆర్మండ్ వీధిలో మూసిన గది

1935 మార్చి 9వ తేదీ సాయంకాలం స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఒక పాత్రికేయుడు మిత్రునితో భోజనానికి వెళ్ళి మరి తిరిగి రాలేదు. ఆయన పేరు బెర్తోల్డ్ యాకోబ్. జర్మనీ రహస్యంగా సైన్యాన్ని పెంచుకుంటున్న వైనాన్ని లోకానికి వెల్లడించిన సాహసి. ఫ్రాన్సులో తలదాచుకున్న ఆయన పౌరసత్వాన్ని నాజీలు రద్దుచేశారు. పాస్‌పోర్టు లేని ఆ నిర్భాగ్యుణ్ణి పాస్‌పోర్టు ఆశచూపే రప్పించారు! ఆయనను ఎక్కించుకున్న కారు సరిహద్దు దాటి జర్మనీలోకి దూసుకుపోయింది.

ఆ మిత్రుడు హాన్స్ వేసెమన్. అతడూ పాత్రికేయుడే, లండనులో ప్రవాసిగా చలామణీ అవుతూ గెస్టపోకు ఊడిగం చేస్తున్నవాడు. స్విస్ పోలీసులు కొద్దిరోజులకే అతణ్ణి అస్కోనాలో పట్టుకున్నారు. అతని పరిచయాల కూపీ లాగగా దారం లండను దాకా సాగింది.

ఆనాటి లండను ప్రవాసులకు పూలపాన్పు కాదు. ఆస్వాల్డ్ మోస్లీ 1932లో ఫాసిస్టు పక్షాన్ని స్థాపించాడు. 1934 జూన్‌లో ఒలింపియా భవనంలో జరిగిన అతని సభలో ప్రశ్నించినవారిని నల్లచొక్కాల కార్యకర్తలు చితకబాదారు. జర్మనీ నుంచి పారిపోయివచ్చినవారు మాత్రం రాజకీయాల జోలికి పోరాదని ప్రభుత్వ నిబంధన. దానిని లెక్కచేయనివారిలో డోరా ఫాబియన్ ఒకతె. 1933లో నాటకకర్త ఎర్నెస్ట్ టోలర్ వ్రాతప్రతులను బెర్లిన్‌లో నాజీల చేతికి చిక్కకుండా కాపాడిన ధీర. వేసెమన్‌ను ఎరిగిన ఆమె, తనకు తెలిసినదంతా స్విస్ అధికారులకు చెప్పింది.

ఏప్రిల్ మొదటివారంలో గ్రేట్ ఆర్మండ్ వీధిలోని ఇంటిలో, లోపల గడియవేసిన గదిలో, డోరా విగతజీవియై కనిపించింది. ప్రక్కనే జర్మన్ పార్లమెంటు మాజీ సభ్యురాలు మటిల్డా వూర్మ్. ఇద్దరినీ బలిగొన్నది విషమే. డోరా నైరాశ్యాన్ని తెలిపే ఉత్తరాలు దొరికాయి. కరోనరు విచారణ ఆత్మహత్య అని తేల్చింది. అది నిజమే కావచ్చు. అయితే యాకోబ్ అపహరణతో ఈ మరణాలకు గల సంబంధాన్ని తరచి చూడాలన్న ఆసక్తి ఆ విచారణలో కానరాలేదు. ఆ జూన్‌లోనే బ్రిటన్ హిట్లరుతో నౌకాదళ ఒప్పందం చేసుకున్నదని గుర్తుంచుకోవాలి. ప్రవాసులు మాత్రం ఆ తీర్పును సులభంగా నమ్మలేదు.

చిన్న దేశమైన స్విట్జర్లాండు వెనుకంజ వేయలేదు. తన గడ్డపై నుంచి మనిషిని ఎత్తుకుపోవడమేమిటని పట్టుబట్టింది. సెప్టెంబరు 17న జర్మనీ యాకోబ్‌ను అప్పగించక తప్పలేదు. 1936లో బాసెల్ న్యాయస్థానం వేసెమన్‌కు మూడేళ్ళ శిక్ష విధించింది.

1941లో నాజీ మనుషులు యాకోబ్‌ను లిస్బన్‌లో మళ్ళీ ఎత్తుకుపోయారు. ఈసారి ఆయనను అడిగి తెచ్చేవారు లేకపోయారు. 1944లో బెర్లిన్‌లో కన్నుమూశాడు.