కొలిచేవాళ్లనే అడుగుదాం

దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారికి లోపలగా, నల్లమల నడుమ ఇష్టకామేశ్వరి కొలువై ఉంది. అమ్మవారి నుదుట బొట్టు పెడితే మనిషి ఒంటిలా మెత్తగా తగులుతుందని భక్తులు చెప్తారు. జీపుల్లో వచ్చినవాళ్లు ఆ మెత్తదనం నిజమా, భ్రమా అని వాదించుకుంటారు. అక్కడ పూజారులు చెంచులు. వాళ్లకు ఆ తల్లి ఏమవుతుందో అడిగేవాళ్లు మాత్రం అరుదు.

మానవశాస్త్రం మొదట అడిగేది అదే. దేవుడు ఉన్నాడా లేడా అని తేల్చడం దాని పని కాదు. ఆ నమ్మకంతో మనుషులు ఎలా బతుకుతున్నారో తెలుసుకోవడమే దాని పని.

వియన్నాలో పుట్టిన క్రిస్టాఫ్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940లో కృష్ణకు అవతల, అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల మధ్య ఉండి చూసినదంతా రాసుకున్నాడు. 1943లో పుస్తకం వేశాడు. వేట దొరికితే తినబోయే ముందు చిన్న ముక్క తీసి అడవితల్లి గారెల మైసమ్మకు పెట్టడం అందులో ఉంది. జపాన్ ఉత్తరాన ఐనూలు కూడా చంపిన ఎలుగుబంటి ఆత్మను మర్యాదగా సాగనంపేవాళ్లు. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ ఐనూలకు ఆ ఎలుగే అతిథిగా వచ్చిన దేవత. చెంచులకు వేటను ఇచ్చేది అడవితల్లి. పోలికతో పాటు తేడానూ పట్టుకున్నప్పుడే పరిశీలన అవుతుంది.

రాసేవాడి చూపు కూడా తెలియాలి. మన గ్రామదేవతల మీద 1915లో పుస్తకం తెచ్చిన డబ్ల్యూ.టి. ఎల్మోర్ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. కథలనూ కొలుపులనూ ఓపికగా నమోదు చేశాడు. అయితే ఆయన వచ్చింది ఆ నమ్మకాలను మాన్పించడానికి. ఆ సంగతి గుర్తుంచుకునే ఆయన్ని చదవాలి. దాదాపు వందేళ్ల తర్వాత, 2013లో, తెలుగు కవి అఫ్సర్ మహమ్మద్ అనంతపురం సీమలోని గూగూడు పీర్ల పండుగ మీద పుస్తకం తెచ్చాడు. అక్కడి పీరు కుళ్లాయప్పకు మొక్కే హిందువుల మాటా ముస్లింల మాటా ఆయన తెలుగులోనే విన్నాడు.

అలాంటి పని మన దగ్గరా జరగాలి. డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. మార్కాపురం, గిద్దలూరు కాలేజీల అధ్యాపకులు అందులో ఒక పోలేరమ్మ కొలుపునో, ఒక పీర్ల చావిడినో పరిశీలించమని చెప్పాలి. డప్పు ఎవరు కొడతారు? పొలిమేర చుట్టూ పొలి ఎవరు చల్లుతారు? బలి మాంసంలో ఎవరి వాటా ఎంత? గుడి గడప ఇవతలే ఎవరు ఆగిపోతారు? ఈ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు, ఊరి భక్తితో పాటు ఊరి కులం కూడా బయటపడుతుంది. బలినో, అంటరానితనాన్నో ఎదిరించాలనుకునేవాళ్లకు ఈ వివరమే బలం. ఏమీ తెలుసుకోకుండా మూఢనమ్మకమని కొట్టిపారేస్తే వినేవాడు ఉండడు. మన సంస్కృతి అని గుడ్డిగా పొగిడితే ఆ గడప దగ్గర ఆగిపోయినవాడికి అన్యాయం చేసినట్టే.

ఫొటో తీసేముందు, పేరు రాసేముందు అనుమతి అడగాలి. రాసింది చెప్పినవాళ్లకే చదివి వినిపించాలి. తప్పుంటే దిద్దే హక్కు వాళ్లది.