ఆయాల మాటేమిటి?

వృద్ధాశ్రమంలో ఆయా పని తెల్లవారకముందే మొదలవుతుంది. తడిసిన పక్కలు మార్చాలి, ఒళ్లు తుడవాలి, పక్షవాతంతో మంచం పట్టినవారికి పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలి. మతి తప్పిన వృద్ధురాలు తిట్టినా, గోళ్లతో రక్కినా మరుక్షణం ఆమె నోటికే ముద్ద అందించాలి. ఇంత చేసినా లోకానికి అది ‘ఎత్తిపోసే పని’. (ఈ ఈసడింపునకు మన ఇళ్లూ మినహాయింపు కావు.)

జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రమాలు నెలకొల్పవచ్చునని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. అందులో వారి వైద్యం, వినోదం ప్రస్తావన ఉంది. వారిని ఎత్తి కూర్చోబెట్టే చేతుల జీతం ఊసు లేదు. ఆశ్రమం చూడబోయే బంధువులు గదుల శుభ్రత కన్న ముందు అడగవలసినది ఒకటుంది: రాత్రివేళ ఎందరు ఆయాలుంటారు, వారికి నెలనెలా జీతం అందుతోందా?