పదకొండు వేలు మిగిల్చిన టికెట్టు

మొన్న ఆఫీసులో పక్క టీము కుర్రాడొకతను వచ్చి, "సార్, మా అమ్మానాన్నల్ని శాన్ ఫ్రాన్సిస్కో పంపాలి. చవగ్గా ఏ సైట్లో దొరుకుతుందో మీకు తెలుసంట కదా?" అని అడిగాడు. నాకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలీదు గానీ, వచ్చింది. నాలుగు సైట్లు తెరిచి పెట్టుకుని, అర్ధరాత్రి దాకా ధరలు పోల్చి, చివరికి నాలుగొందలు తగ్గించగలిగితే ఏదో సాధించినట్టు పడుకునే రకం నేను. అలా సాధించిన ఒక టికెట్టు కథ అతనికి చెప్పాను. ఇక్కడా చెప్తాను.

మాది లాల్ దర్వాజా. అవును, పాతబస్తీలో తెలుగువాళ్ళు కూడా ఉంటారు, చాలామందే ఉంటారు. (ఈ ముక్క హైటెక్ సిటీలో ప్రతి కొత్త మేనేజరుకీ చెప్పాల్సొస్తుంది.) అమ్మ అక్కడే పుట్టింది, అక్కడే మెట్టింది. చెల్లెలు చికాగో పక్కన ఉంటుంది. 2016లో దానికి కాన్పు. అమ్మ ఏప్రిల్లో వెళ్ళి ఆషాఢం బోనాలకల్లా తిరిగి రావాలి. సింహవాహిని అమ్మవారి బోనాలకి అమ్మ ఊళ్ళో లేకపోవడం మా ఇంటి చరిత్రలో లేదు. కాబట్టి "తేదీలు అటూ ఇటూ జరిపితే ధర తగ్గుతుంది" అనే మొదటి సూత్రం మా దగ్గర పనిచెయ్యదు. కాన్పు జరగదు, బోనాలూ జరగవు. పైగా ఏప్రిల్, మే నెలల్లో సగం ఆంధ్రా తెలంగాణా తల్లిదండ్రులు అమెరికా బయల్దేరతారు, జూన్ జులైల్లో అక్కడి పిల్లలకి సెలవులు. రెండువైపులా రద్దీయే.

నేను వెతికాను. ఒకచోట ఆగే టికెట్టు కంటే రెండుచోట్ల ఆగేది పదకొండు వేలు తక్కువ. హైదరాబాదు నుంచి యూరప్, అక్కడినుంచి అమెరికా తూర్పు తీరంలో ఒక ఊరు, అక్కడినుంచి చికాగో. తెర మీద చూడ్డానికి బానే ఉంది. రెండో లేఓవరు మూడు గంటలు, సరిపోతుందనుకున్నాను. కొనేశాను.

నేను మర్చిపోయిన సంగతి ఒకటుంది. అమెరికాలో మొదట ఏ ఊళ్ళో దిగితే ఆ ఊళ్ళోనే ఇమ్మిగ్రేషను. పెట్టెల మీద చికాగో అని చీటీ అంటించి ఉన్నా సరే, వాటిని అక్కడే బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ ఇంకో బెల్టు మీద వెయ్యాలి. నేను స్వయంగా ఎన్నోసార్లు చేసిన పనే. చేసీ చేసీ అలవాటైపోయి, అదొక పని అన్న స్పృహే పోయింది. అమ్మకి చెప్పలేదు.

అమ్మ పెట్టెలు చికాగోలో వస్తాయనుకుని వదిలేసింది. ఇమ్మిగ్రేషన్లో వాళ్ళడిగిన దానికి చెల్లెలు రాసిచ్చిన కాగితం చూపించి బయటపడింది. తర్వాత టెర్మినల్ మారాలి, రైలెక్కాలి. ఎవరినో అడిగింది, వాళ్ళు ఇంగ్లీషులో ఏదో చెప్పారు. ఒకచోట కూర్చుంది. విమానం వెళ్ళిపోయింది. చికాగోలో చెల్లెలు నెలలు నిండిన కడుపుతో ఆరు గంటలు ఎయిర్‌పోర్టులో నిలబడింది, ఏ సంగతీ తెలీక. ఇక్కడ నేను లాల్ దర్వాజాలో ఫోను పట్టుకుని కూర్చున్నాను. అమ్మ ఫోను అక్కడ పనిచెయ్యదు. ఆ సంగతీ నేనే చూసుకోలేదు.

చివరికి అక్కడ నేల తుడుస్తున్న ఒక పెద్దాయన అమ్మని చూసి హిందీలో పలకరించాడట. అంతే, అమ్మ గడగడా పాతబస్తీ ఉర్దూలో మొత్తం చెప్పేసింది. ఆయనది లాహోరట. తన ఫోన్లోంచి చెల్లెలికి కలిపిచ్చాడు, కౌంటరు దాకా తీసుకెళ్ళి తర్వాతి విమానంలో సీటు ఇప్పించాడు. అమ్మ చికాగో చేరేసరికి ఇంట్లోంచి బయల్దేరి 41 గంటలు. దార్లో ఏమీ తినలేదు. "జాగ లేస్తే మల్ల దొరుకుతదో లేదో అని కూసున్న బిడ్డా" అంది. నన్నొక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ తర్వాత నేను ఈ విషయం కొంచెం బుర్ర పెట్టి ఆలోచించాను. ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి కాబట్టి ముందు ఈ సైట్లు లోపల ఏం చేస్తాయో చదివాను. 1996లో ఎంఐటీ వాళ్ళు కొందరు ఐటీఏ సాఫ్ట్‌వేర్ అని పెట్టారు. వెతికే ఇంజను కామన్ లిస్ప్‌లో రాశారు (లిస్ప్ ఎక్కడా పనికిరాదనే మిత్రులు గమనించగలరు). 2011లో గూగుల్ దాన్ని కొనేసి అదే ఏడాది తన విమానాల వెతుకులాట మొదలెట్టింది. ఆ వ్యవస్థాపకుల్లో ఒకరైన కార్ల్ డి మార్కెన్ ఒక సంగతి చూపించాడు. విమాన సంస్థల ధరల నియమాలన్నిటినీ ఉన్నవున్నట్టు లెక్కలోకి తీసుకుంటే, అన్నిటికంటే చవక టికెట్టు ఏదో తేల్చడం సాధారణ రూపంలో ఏ కంప్యూటరుకీ తేలని సమస్యట. కాబట్టి రాత్రి రెండింటిదాకా మేలుకుని "ఇంతకంటే చవక లేదు" అని నిర్ధారించుకోవాలనుకునేవాళ్ళు నిశ్చింతగా పడుకోవచ్చు.

మంగళవారం కొంటే చవక, బ్రౌజర్లో కుకీలు తుడిస్తే చవక అనేవి నేను నమ్మను. ఒకే విమానంలో ఒకే తరగతి సీట్లకి పది రకాల ధరలుంటాయి, చవక రకంలో పెట్టిన సీట్లు అయిపోతే పై రకం కనిపిస్తుంది. నలుగురు కలిసి వెళ్తున్నప్పుడు చవక సీట్లు ముగ్గురికే మిగిలితే, చాలాసార్లు నలుగురికీ పై ధర చూపిస్తుంది. అందుకని ఒక్కరికి ఎంతో కూడా చూడండి. నాకు నిజంగా పనికొచ్చిన చిట్కా అదొక్కటే.

రెండు విడి టికెట్లు కొనే ఉపాయం గురించి కూడా చెప్పాలి. ముంబై నుంచి అమెరికా చవక, హైదరాబాదు నుంచి ముంబైకి వేరే టికెట్టు కొందాం అనిపిస్తుంది. అమెరికా టికెట్టు మీద చాలామటుకు 23 కిలోల పెట్టెలు రెండిస్తారు. దేశంలోపలి విడి టికెట్టు మీద మామూలుగా ఇచ్చేది 15 కిలోలు. మిగతా 31 కిలోలకి (అందులో సగం పచ్చళ్ళే) డబ్బు కట్టేసరికి మిగిలిందనుకున్నది పోతుంది. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఎవరికీ బాధ్యత లేదు. ఒకే టికెట్టు, ఒకే పీఎన్నార్ అయితే తర్వాతి విమానం ఎక్కించడం వాళ్ళ పని. 2003లో నేను మొదటిసారి వెళ్ళినప్పుడు బేగంపేటలో ఎక్కి, ముంబైలో శాంతాక్రజ్ వైపు దిగి, పెట్టెలతో సహా అర్ధరాత్రి సహార్ వైపు పోయి లైన్లో నిలబడ్డాను. అప్పుడు నాకు పాతికేళ్ళు కాబట్టి సరదాగానే ఉండింది.

2019లో చెల్లెలికి రెండో కాన్పు. ఈసారి సైట్లు మూసేసి పత్తర్‌గట్టీలో ఒక ట్రావెల్స్ కొట్టుకి వెళ్ళాను. మెట్లెక్కి పైకెళ్తే, గోడ నిండా మక్కా మదీనా ఫోటోలు, ఒక పాత కంప్యూటరు, వెనక ఒక పెద్దాయన. నేను తేదీలు చెప్పబోతుంటే ఆపి, "కౌన్ జారే భాయ్?" అన్నాడు. అమ్మ అన్నాను. వయసెంత, మోకాళ్ళు ఎలా ఉన్నాయి, షుగరుందా, చదువొచ్చా, ఏ భాషలొచ్చు, ఇంతకుముందు వెళ్ళిందా, ఒక్కతేనా... ఇన్ని అడిగాక గానీ కీబోర్డు మీద చెయ్యి వెయ్యలేదు. నేను ప్రింటు తీసుకెళ్ళిన చవక టికెట్టు చూసి "నక్కో భాయ్" అని పక్కన పెట్టేశాడు.

నేను వాడిన ఏ సైటూ ఆ మొదటి ప్రశ్న అడగలేదు. పెద్దలెంతమంది, పిల్లలెంతమంది అని అడుగుతాయి, అంతే. తర్వాత ధర, గంటలు, ఎన్నిచోట్ల ఆగుతుంది అన్న మూడింటినీ కలిపి ఏదో మార్కు వేసి "ఉత్తమం" అని పైన పెడతాయి. పాతికేళ్ళ కుర్రాడికీ అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మకీ ఒకటే ఉత్తమం. గల్ఫ్ ఉద్యోగాలు మొదలైన డెబ్భైల నుంచి పాతబస్తీ ఇళ్ళల్లోంచి జనం విమానాలెక్కుతూనే ఉన్నారు. ఇంగ్లీషు రానివాళ్ళు, మొదటిసారి ఎక్కేవాళ్ళు, ఉమ్రాకి వెళ్ళే ముసలమ్మలు. వాళ్ళని దాటించీ దాటించీ ఆ కొట్టాయనకి ఆ ప్రశ్న వచ్చింది. మనం, అంటే సాఫ్ట్‌వేరు వాళ్ళం, తరచూ ఒంటరిగా లాప్‌టాప్ సంచీతో తిరిగేవాళ్ళం, మనకోసమే ఈ సైట్లు రాసుకున్నాం.

ఆయన లెక్క ఇదీ. చికాగో వైపు వెళ్ళేవాళ్ళకి ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ లాంటి చోట ఆగితే ప్రయాణం దాదాపు సగానికి విరుగుతుంది, తొమ్మిది పది గంటల చొప్పున రెండు ముక్కలు. దుబాయ్, దోహా, అబూ ధాబీ అయితే ముందు నాలుగు గంటలు, తర్వాత ఏకంగా పదిహేను. కాళ్ళు వాచేవాళ్ళకి, గంటగంటకీ లేవాల్సినవాళ్ళకి యూరపే నయం. కానీ గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో నేల తుడిచే అతని నుంచి గేటు దగ్గరి అమ్మాయి దాకా ఎవరో ఒకరికి హిందీయో ఉర్దూయో వస్తుంది. లాల్ దర్వాజాలో ఎదిగిన మా అమ్మకి ఇంగ్లీషు రాకపోయినా ఉర్దూ తెలుగంత ఇదిగా వచ్చు. అంటే దుబాయ్‌లో అమ్మ చదువుకున్న మనిషి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మూగది. మూడేళ్ళ కింద ఆ లాహోరు పెద్దాయన దొరక్కపోతే ఏమయ్యేదో నాకిప్పటికీ తెలీదు. అదృష్టం మీద వదిలేసిన భాషని ఈసారి దారిలోనే పెట్టుకోవచ్చని ఆయన చెప్తే గానీ తట్టలేదు.

చివరికి అబూ ధాబీ ఖాయం చేశాడు. అక్కడ 2014 నుంచి అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ విమానం ఎక్కకముందే అయిపోతాయి. చికాగోలో దేశంలోపలి ప్రయాణికుల్లాగా దిగి బయటికి రావడమే. లేఓవరు కూడా గంటన్నరది వద్దని నాలుగు గంటలది పెట్టాడు. ధర సైట్లో చూసిన చవక దానికంటే పద్నాలుగు వేలు ఎక్కువ. చెల్లెలు ఫోన్లో "అన్నా, నిన్ను ముంచిన్రు" అంది. నేను మాట్లాడలేదు. అమ్మ అబూ ధాబీలో భోజనం చేసి, ఎవరో మలక్‌పేట ఆవిడతో దోస్తీ చేసి, ఫోన్ నంబరు కూడా తీసుకుని చికాగోలో దిగింది.

వీల్‌చెయిర్ సంగతి కూడా చెప్పాలి. నడవగలిగినా సరే, దారి చూపించే మనిషి దొరుకుతాడని అమ్మానాన్నలకి వీల్‌చెయిర్ రాయించడం మనవాళ్ళలో మామూలైపోయింది. నేనూ రాయించాను. అది ఉచితం. కానీ గేటు దగ్గర ముప్ఫై కుర్చీలు వరసగా ఉంటే, నిజంగా అడుగు వెయ్యలేని ఒక ముసలాయన చివర్లో వంతు కోసం కూర్చోవడం కళ్ళారా చూశాను. తప్పనిపిస్తుంది. మాట సాయానికి మనిషిని ఇచ్చే ఏర్పాటు కొన్ని సంస్థల్లో విడిగా ఉంటుంది, అడిగితే చెప్తారు. అది లేనిచోట నేను మళ్ళీ వీల్‌చెయిరే రాయిస్తాను. దీన్ని సమర్థించుకోవడం నాకు చేతకాదు.

ఒక మిత్రుడు పాస్‌పోర్టులో స్టాంపు గడువు అయిపోయాక, మళ్ళీ ఇక్కడ వేయించుకుందామని యూరప్ మీదుగా ఇండియా టికెట్టు కొన్నాడు. చెల్లుబాటయ్యే అమెరికా వీసా లేకపోతే ట్రాన్సిట్ వీసా కావాలన్నారు, అక్కడే ఆగిపోయాడు. కాబట్టి కొనేముందు ఆ దేశం నియమాలు ఆ రోజున ఎలా ఉన్నాయో వాళ్ళ ఎంబసీ పేజీలోనే చూసుకోండి. ఆకాశం కూడా ఎప్పుడూ ఒక్కలా ఉండటం లేదు. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూసేశాక, ఢిల్లీ అమెరికా మధ్య తిరిగే ఎయిర్ ఇండియా విమానాలు కొన్ని వియన్నాలో దిగి ఇంధనం నింపుకోవాల్సొచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతార్ ఆకాశం కొన్ని గంటలు మూతపడితే దోహా వెళ్ళాల్సినవి ఎక్కడెక్కడో దిగాయి. గల్ఫ్ దారి నాకిష్టమే గానీ వార్తలు చూడకుండా కొనకూడదు. నేరుగా వెళ్ళే విమానముంటే ఈ గొడవే ఉండదు. 2021 జనవరిలో హైదరాబాదు నుంచి చికాగోకి ఎయిర్ ఇండియా నేరుగా వేసింది కూడా. మా అమ్మ అది ఎక్కేలోపే ఆపేశారు.

ఇదంతా విని ఆ కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. వాళ్ళది చిత్తూరు జిల్లా. అమ్మగారికి ఏ భాషలొచ్చని అడిగితే తెలుగు, తమిళం అన్నాడు. హైదరాబాదు నుంచి సింగపూరు, అక్కడినుంచి శాన్ ఫ్రాన్సిస్కో చూడమన్నాను. తమిళం అక్కడ అధికార భాష, పశ్చిమ తీరానికి దారి కూడా వంకర కాదు. ఫోన్లో చూసి, "దానికి పన్నెండు వేలు ఎక్కువుంది సార్" అన్నాడు. నిన్నటిదాకా ఇంకా కొనలేదు.