చెట్లకు దారి మా బంజర్లోంచేనా?

భూమి వేడెక్కింది, చెట్లు నాటండి అని నరసరావుపేటలో ఎక్కడ చూసినా ఒకటే పాట. నాటొద్దని ఎవరన్నారు? ఏ చెట్టు, ఎవరి భూమిలో అని మాత్రం అడుగుతున్నాం.

చెట్టుకి కాళ్ళు లేవు. విత్తనానికి మాత్రం పిట్ట ఉంది, మేక ఉంది, గాలీ వాగూ ఉన్నాయి. ఎండలు ముదిరితే పెద్ద చెట్టు ఉన్నచోటే ఎండుతుంది, దాని పిల్ల చల్లగా ఉన్న చోట లేస్తుంది. అట్లా తరాల మీద అడవే జరుగుతుంది. అయితే ఇప్పుడు వేడి చెట్టుకంటే ముందు పరిగెడుతోంది. అలవాటైన వేడిమి కోసం ఈ శతాబ్దంలో ఏటా సగటున 420 మీటర్లు జరగాల్సి వస్తుందని 2009లో శాస్త్రవేత్తలు ప్రపంచం మొత్తానికి లెక్కగట్టారు. మొలిచిన మొక్క కాయ కాయడానికే ఏళ్ళు పడుతుంది గదా! కొండ వాలున కాస్త పైకెక్కితే చల్లదనం దొరుకుతుంది. మైదానంలో అయితే ఆమడలు పోవాలి.

మాచర్ల వైపు చెట్టుకి ఎక్కడానికి నల్లమల ఉంది. నరసరావుపేట దగ్గర ఏముంది? కోటప్పకొండ. ఆ కొండ కొసకి చేరిన చెట్టు ఆ తర్వాత ఎటు పోవాలి? చుట్టూ మిరప చేలు, పత్తి చేలు. పిడుగురాళ్ళ, దాచేపల్లి వైపు సున్నపురాయి గనులు. చేలో నీడ పడుతుందని గట్టు మీద తుమ్మని కూడా బతకనీయని ఆసాములే ఇవాళ పర్యావరణమని మైకు పట్టుకుంటున్నారు!

ఈ ఎండల్లో తట్టుకుని పాకేది సర్కారు తుమ్మ. ఎవరు తెచ్చారో దాని పేరే చెబుతుంది. 1878లో తెల్లదొరల అటవీ శాఖ జమైకా విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించింది. కాయ తిన్న మేక పెంటికల్లోంచి మొలిచి చెరువులూ వాగులూ పోరంబోకులూ కమ్మేసింది. దాని కట్టె కొట్టి, బొగ్గు కాల్చి మనవాళ్ళు బతికారు, ఆ మాట దాచం. కానీ అది కమ్మిన చోట తంగేడుకి చోటేది? తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసి లందల్లో తోలు పదును చేసింది మా మాదిగ తాతలు. ఏ చెట్టు ఏ నేలని పట్టుకుంటుందో వాళ్ళకి తెలిసినంత ఏ ఆఫీసరుకి తెలుసు? మొక్కలు ఎంచే కమిటీల్లో మా ముసలమ్మ ఒక్కతన్నా ఉందా?

2016లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కొట్టిన అడవికి బదులు వేరేచోట చెట్లు పెంచడానికి నిధి పెట్టింది. గనివాడు డబ్బు కడతాడు, అడవి పోతుంది. బదులు చెట్లకి చోటు వెతికేటప్పుడు చూపు పడేది ఎక్కడ? మేకలు తోలుకునే పోరంబోకు మీద, పట్టా చేతికి రాని బంజరు మీద. అది ఖాళీ భూమి అంటారు. ఏంది ఖాళీ? అది మా మేత, మా పొయ్యికట్టె, మా శ్మశానానికి దారి.

చెట్లకి దారి ఇవ్వాల్సిందే. ఆ దారి ఆసాముల గట్ల మీద వేయండి, తవ్వి వదిలేసిన క్వారీల్లో వేయండి, సాగర్ కాలవల వెంట వేయండి. వేప, నల్లతుమ్మ, మోదుగ, తంగేడు విత్తనాలు మా ఆడవాళ్ళు ఏరి ఇస్తారు, కూలి లెక్కగట్టి ఇవ్వండి. పోరంబోకులో ఒక్క గుంట తీయాలన్నా ముందు గ్రామసభ పెట్టండి, అదీ మాలపల్లె, మాదిగపల్లెల్లో పెట్టండి.

2022లో పల్నాడు జిల్లా అయింది, కలెక్టరాఫీసు నరసరావుపేటలోనే ఉంది. మీ ఊళ్ళో చెట్ల పేరుతో ఏ బంజరుకి గుంటలు కొలిచారో సర్వే నంబరుతో సహా రాసుకుని, సోమవారం అర్జీల రోజున అందరూ కలిసి రండి.