కాటన్ అంటే పత్తి కాదు

గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు తెలియని వారుండరు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఆయన చలవే. అయితే ఆ ఇంటిపేరుకు అర్థమేమిటని అడిగితే చాలామంది ఠక్కున పత్తి అనేస్తారు. నేతకు పేరుపొందిన ప్రాంతం కదా, ఆ ఊహ సహజమే. కానీ పత్తికి వాడే ఆంగ్ల పదం అరబ్బీ నుంచి వచ్చింది. ఈ ఇంటిపేరు మాత్రం పాత ఆంగ్లంలో గుడిసె అనే అర్థమున్న 'కాట్' అనే మాటలోంచి పుట్టింది. 'గుడిసెల దగ్గర' అని దాని భావం. పేదల గుడిసెలున్న పల్లెలకు కాటన్, కోటన్ అనే పేర్లు పడ్డాయి. చెషైర్, స్టాఫర్డ్‌షైర్, కేంబ్రిడ్జిషైర్‌లలో అలాంటి ఊళ్లున్నాయి.

1066 తర్వాత మూడు నాలుగు వందల ఏళ్లలో ఇంగ్లండులో ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. ఆ పల్లెల నుంచి వచ్చినవారిని ఊరి పేరుతోనే పిలిచారు. మన ఇంటిపేర్లలో చాలావాటి కథ కూడా ఇదే గదా! కాబట్టి కాటన్లందరూ ఒకే కుదురు వారని అనుకోనక్కరలేదు.

గుడిసె పేరు మోసినవారు గుడిసెలోనే ఉండిపోలేదు. చెషైర్‌లో 1133లో స్థాపించిన కోంబర్‌మియర్ మఠాన్ని ఎనిమిదవ హెన్రీ 1538లో మూయించాడు. ఆ మరుసటి ఏడు దాన్ని తన కొలువులోని జార్జ్ కాటన్‌కు ఇచ్చేశాడు. సన్యాసుల మఠం దొరల భవంతి అయింది. మేము ప్రొటెస్టెంటులమే గానీ, రాజు చేసిన ఆ పంపకాన్ని సంఘ సంస్కరణ అనడానికి మాకు మనసొప్పదు. మన ఆర్థర్ కాటన్ తాతగారు ఆ కోంబర్‌మియర్ ఇంటి బారనెట్టే.

కానింగ్టన్‌కు చెందిన రాబర్ట్ కాటన్ (1571-1631) కథ ఇంకా విచిత్రం. ప్రాచీన ప్రతులు సేకరించిన మహా పండితుడాయన. లిండిస్‌ఫార్న్ సువార్తలు ఆయన గ్రంథాలయం ద్వారానే మనకు దక్కాయి. అక్కడి బీరువాల మీద రోమా చక్రవర్తుల శిల్పాలుండేవి, వాటి పేర్లతోనే గ్రంథాలను గుర్తించేవారు. విశ్వాసులను హింసించిన నీరో పేరు కిందనే ఆ సువార్తల ప్రతి ఉండేది! 1731లో ఆ గ్రంథాలయం అగ్నికి ఆహుతవుతుంటే ఎన్నో ప్రతులు పాడయ్యాయి గానీ, అది మాత్రం క్షేమంగా బయటపడింది. అంతటి పండితుడికి కాటన్ అనే పేరు చాలలేదు. స్కాట్లండు రాజవంశమైన బ్రూస్‌లతో తనకు సంబంధముందని చాటుకోవడానికి ఆ పేరును కూడా తన పేరుకు తగిలించుకున్నాడు. గుడిసె అర్థం ఆయనకు చిన్నతనంగా తోచిందో ఏమో!

అంతులేని వంశావళులను పట్టించుకోవద్దని పౌలు తిమోతికి రాశాడు. మన సంఘాల్లో పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి విశ్వాసం ఎలాంటిదో అడగకముందే 'ఇంటిపేరేమిటండీ?' అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎందుకో అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. బాప్తిస్మంలో కొత్త పేరు పెట్టుకున్నవారిని సైతం ఆ ప్రశ్న పాత గుమ్మం దగ్గరికే లాక్కుపోతుంది. ఇది చిన్న విషయమని కొందరు కాపరులు అంటారు. మేము ఒప్పుకోము. దీనివల్ల ఎందరో ఆడపిల్లలు కంటనీరు పెట్టుకున్నారు.

ఇంటిపేరు ఎప్పుడూ తండ్రి వైపు నుంచే రావాలన్న నియమం కూడా లేదు. బోస్టన్‌లో పేరుమోసిన ప్యూరిటన్ బోధకుడు జాన్ కాటన్ 1633లో అమెరికా వెళ్లాడు. ఆయన కూతురి కొడుకుకు తల్లి ఇంటిపేరే సొంత పేరయింది, అతడే కాటన్ మేథర్. మరి ఆర్థర్ కాటన్ కుమార్తె ఎలిజబెత్? సువార్త పరిచర్యలో పేరు తెచ్చుకున్న ఆమె 1877లో అడ్మిరల్ హోప్‌ను పెళ్లాడింది. 1900లో తండ్రి జీవిత చరిత్ర వెలువడినప్పుడు, రాసినవారి పేరుగా అందులో ఉన్నది లేడీ హోప్ అని.