తాళం వేసింది కంపెనీ, చెవి ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలీదు

నికా ఫొటోలు, దుకాణం లెక్కలు, పిల్లల మార్కుల మెమోలు, సౌదీలో ఉన్న భాయ్ ఇఖామా కాపీ. ఇవాళ చాలా ఇళ్లలో ఇవన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటున్నాయి. ఒకరోజు అది మొండికేస్తుంది. నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ కొట్టమంటుంది. "మేము ఏ లాకూ పెట్టలేదే" అంటారు ఇంట్లోవాళ్లు. నిజమే, వాళ్లు పెట్టలేదు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. దాంతో కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు, ఉన్నదాంట్లో విండోస్ 11 కొత్తగా వేయించుకున్నవాళ్లు చాలామందే. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఇలా కొత్తగా వేసిన విండోస్‌లో, హోమ్ ఎడిషన్ అయినా సరే, డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ చాలావరకు దానంతటదే మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ కాగానే రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి చేరుతుంది. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడినా లోపలి ఫైళ్లు బయటపడకూడదని ఈ ఏర్పాటు. ఉద్దేశం మంచిదే.

ఇక్కడే అసలు చిక్కు. ఆ అకౌంట్ ఎవరిది? కొన్న రోజు షాపులో కుర్రాడు "నేనే సెట్ చేసిస్తా అంకుల్" అని తన మెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన మెయిల్‌తోనో సైన్ ఇన్ చేసి ఉంటే, కీ కూడా అక్కడే ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఆ మెయిల్ ఎవరికి గుర్తుంటుంది? తాళం వేసిన కంపెనీ, కీ ఎక్కడ పెట్టిందో కొన్న మనిషికి ఎదురుగా చూపించి, రాసుకోమని చెప్పి ఉండాల్సింది. ఈ తప్పు మాత్రం కంపెనీదే.

డ్రైవ్ బాగున్నంతకాలం ఇవేవీ పట్టవు. పాడైనప్పుడే తెలుస్తుంది. పాత హార్డ్ డిస్క్ పోయేముందు చాలాసార్లు టకటకమని శబ్దం చేసేది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే లేవు, కాబట్టి చప్పుడు లేకుండా పోతుంది. ఏ ఫైలు ఏ చిప్పులో ఉందో లెక్క పెట్టేది కంట్రోలర్. దాని లెక్క తప్పితే చిప్పుల్లో డేటా ఉన్నా కంప్యూటర్ ఆ డ్రైవ్‌ను గుర్తించదు. కొన్ని డ్రైవ్‌లు అరిగిపోయాక కేవలం చదవనిచ్చే స్థితిలో ఆగుతాయి. అలా ఆగితే అదృష్టమే.

రికవరీ ల్యాబ్ వాళ్లు కొన్నిసార్లు కంట్రోలర్‌ను మళ్లీ మాట్లాడించగలరు. కానీ వాళ్ల చేతికి వచ్చేది కూడా ఎన్‌క్రిప్ట్ అయిన డేటానే. కీ లేకపోతే అది అర్థంలేని అంకెల కుప్ప. దాన్ని బద్దలుకొట్టే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. కీ లేకుండానే తీసిస్తామని అడ్వాన్స్ అడిగే షాపు కనబడితే వెనక్కి తిరిగి రావడమే మేలు.

కీ చేతిలో ఉంటే కథ వేరు. డ్రైవ్ సతాయిస్తోందని తెలియగానే వాడకం ఆపాలి. దానిమీద చెక్‌డిస్క్ నడపొద్దు, ఫార్మాట్ మాట ఎత్తొద్దు. తెలిసినవాళ్లయితే లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డ్రైవ్ మొత్తాన్నీ, తాళం వేసింది వేసినట్టే, అంతే సైజున్న లేదా ఇంకా పెద్దదైన వేరే డ్రైవ్‌లోకి కాపీ తీస్తారు. చదవలేని చోట్లను అది మొదట వదిలేసి, చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది. తర్వాత ఆ కాపీని కీతో తెరవాలి, అసలు డ్రైవ్‌ను కాదు. కాపీ కూడా సరిగా తెరుచుకోకపోతే విండోస్‌లోనే రిపేర్-బీడీఈ అనే కమాండ్ ఉంది. దానికీ కీ కావాల్సిందే.

వ్యాపారులకు ఇది జ్ఞాపకాల గొడవ ఒక్కటే కాదు. జీఎస్టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు దాచాలి. వేసిన రిటర్న్‌లు పోర్టల్‌లో దొరుకుతాయి, సరే. స్టాక్ రిజిస్టర్, ట్యాలీ డేటా, అప్పుల ఖాతా ఎక్కడి నుంచి తెస్తారు?

కీ కంపెనీ దగ్గర ఉండటంలో ఇంకో కోణమూ ఉంది. అమెరికా పాలనలోని గువామ్ దీవిలో ఒక మోసం కేసులో కోర్టు వారెంట్ మీద మైక్రోసాఫ్ట్ ఇలాంటి కీలను ఎఫ్‌బీఐకి ఇచ్చిందని 2026 జనవరిలో ఫోర్బ్స్ బయటపెట్టింది. అంటే మనల్ని ఆదుకునే కీ మనకు తెలియకుండా వేరేవాళ్లకూ వెళ్లొచ్చు. ఇది నచ్చనివాళ్లు ప్రో ఎడిషన్‌లో కీని అకౌంట్‌కు పంపకుండా కాగితం మీదే ఉంచుకోవచ్చు. అప్పుడు ఆ కాగితం పోతే అంతా పోయినట్టే. సాధారణ కుటుంబానికి రెండుచోట్లా ఉండటమే నయం.

ల్యాప్‌టాప్ బాగున్న రోజే ఈ పని చేసుకోవాలి. అందులో ఏ మెయిల్‌తో సైన్ ఇన్ అయి ఉందో సెట్టింగ్స్‌లో చూసి, ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ను ఫోన్‌లో తెరిస్తే డివైసెస్ భాగంలో రికవరీ కీ కనిపిస్తుంది. ఆరేసి అంకెల ఎనిమిది గుంపులు. పక్కనే ఉండే కీ ఐడీని కూడా రాసుకోవాలి, నీలం తెర మీద వచ్చే ఐడీతో సరిచూసుకోవడానికి. ఆ కాగితం ఇంటి పత్రాలతో బీరువాలో ఉండాలి, ల్యాప్‌టాప్ బ్యాగులో కాదు.