వీసా కిటికీ దాకా వికలాంగులకు దారి కావాలి

హాలియా పట్టణ ప్రజలకు, అనుముల, పెద్దవూర, తిరుమలగిరి సాగర్, నిడమనూరు, గుర్రంపోడు మండలాల వికలాంగులకు, వాళ్ల ఇంటివాళ్లకు, పిల్లలను పరదేశం పంపిన తల్లిదండ్రులకు మనవి.

అమెరికాలోనో, లండన్‌లోనో, ఆస్ట్రేలియాలోనో ఒక్క పిల్లగాడైనా లేని వాడ మన దగ్గర ఇప్పుడు వెతికితే గాని దొరకదు. కొడుకు పట్టా తీసుకునే రోజు చూడాలని తండ్రికి ఉంటుంది. బిడ్డ కాన్పుకు దగ్గర ఉండాలని తల్లికి ఉంటుంది. ఆ తండ్రికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఉండొచ్చు. ఆ తల్లికి పక్షవాతం వచ్చి ఒక చెయ్యి పడిపోయి ఉండొచ్చు. చెవుడుతో పుట్టిన పిల్ల బాగా చదివి పై చదువుకు సీటు తెచ్చుకుని ఉండొచ్చు. వీళ్లకు వీసా ఇవ్వాలా వద్దా అన్నది ఆఫీసర్ చేతిలో పని, దాని జోలికి మేము పోవడం లేదు. ఆ ఆఫీసర్ కూర్చున్న కిటికీ ముందుకు మనిషి తన గౌరవం పోకుండా చేరగలిగే దారి గురించే ఈ కరపత్రం.

అమెరికా వీసా సంగతి ముందు చూద్దాం, మన దగ్గర ఎక్కువ మంది పోయేది దానికే కాబట్టి. రెండు అపాయింట్‌మెంట్లు ఉంటాయి. ఫొటో, పది వేళ్ల ముద్రలు తీసుకునే కేంద్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో ఉంది. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో. మామూలుగా ముద్రల పని ఒక రోజైనా ముందు ముగించుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇదొక లెక్క కాదు. హాలియా నుంచి పోయే మనిషికి మూడున్నర, నాలుగు గంటల దారి. కాళ్లు బాగున్నవాడు పొద్దున పోయి రాత్రికి వచ్చి, మళ్లీ పోతాడు. చంకకర్రల మనిషికి ఆర్టీసీ బస్సు మెట్లు ఎక్కడమే ఒక గండం, రెండుసార్లు ఎక్కి దిగమంటే ఎట్లా? సరే, రాత్రి అక్కడే ఉందామంటే వీల్‌చైర్ పట్టే తలుపు, పట్టుకుని లేచే కడ్డీ ఉన్న మరుగుదొడ్డి మామూలు లాడ్జిలో దొరకదు. దొరికే హోటల్ మన జేబుకు అందదు. చివరికి కారు మాట్లాడుకోవాలి, డ్రైవర్‌కు రెండు రోజుల బత్తా ఇవ్వాలి, తోడు వచ్చే కొడుకో అల్లుడో పని మానుకోవాలి. వీసా ఫీజు 185 డాలర్లని అందరికీ తెలుసు. వికలాంగుడు దాని మీద కట్టే ఈ రెండో ఫీజు ఏ రసీదులోనూ కనబడదు.

మా మొదటి కోరిక ఇక్కడే పుట్టింది. సదరం వైకల్య సర్టిఫికెట్ గానీ యూడీఐడీ గుర్తింపు కార్డు గానీ ఉండి బయటి జిల్లా నుంచి వచ్చేవాళ్లకు ముద్రలూ ఇంటర్వ్యూ ఒకే రోజు పెట్టాలి. పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ. ఇందుకు కొత్తగా గోడ కట్టే పని లేదు, స్లాట్లు ఇచ్చే పద్ధతి మార్చుకుంటే చాలు.

ఇంకో సంగతి మన జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ పైవాళ్లకు చెప్పాలి. హాలియా పక్కన సాగర్ ఎడమ కాలువ పారుతుంటే, పైన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు జనం తరాల తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్లే తాగారు. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి, సంతోషమే. కానీ అప్పటికే వంగిన వెన్నూ, బిగుసుకున్న మోకాళ్లూ కొత్త నీళ్లతో సాగవు. మెడ తిప్పలేని మనిషి ఫొటోకు తల నిటారుగా పెట్టలేడు. వేళ్ల కీళ్లు బిగిసిన మనిషి నాలుగు వేళ్లూ ఒకేసారి గాజు పలక మీద చాపలేడు. కుష్టు వల్లో, మిషన్లో పడో వేళ్లు పోయినవాళ్లూ ఉన్నారు. ఇట్లాంటి వాళ్లు వచ్చినప్పుడు ఏం చేయాలో కౌంటర్‌లో కూర్చున్న పిల్లవాడికి ముందే నేర్పి ఉండాలి. "గట్టిగా నొక్కు తాతా" అని చెయ్యి పట్టుకుని అదమడం నేర్పు కాదు.

కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు, బ్యాగు పోనివ్వరు, బయట దాచి ఇచ్చే ఏర్పాటూ ఉండదు. భద్రత కోసమంటారు, కాదనం. కానీ చెవిటి మనిషికి ఈ రోజుల్లో ఫోనే చెవి, ఎదుటివాడి మాట తెర మీద అక్షరాలుగా చూసుకుని జవాబిస్తాడు. చూపు లేనివాడికి కాగితం చదివి వినిపించేదీ ఫోనే. గేటు దగ్గరే దాన్ని ఆపేసి, లోపల అద్దం వెనక నుంచి మైకులో ప్రశ్నలు వేస్తే ఆ మనిషి ఏం చెప్పగలడు? ఫోన్ వద్దంటే వద్దనండి. దానికి బదులు తెర మీద అక్షరాలు చూపించే పరికరం మీరే పెట్టండి, లేదా సైగల భాష తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. ఇంటర్వ్యూ తెలుగులో చేసేందుకు మనుషులు ఉన్నారు కదా, సైగల భాషకూ అట్లాగే ఒకరు ఉండాలి. నిలబడ్డ మనిషి ఎత్తుకు పెట్టిన కిటికీ వీల్‌చైర్ మనిషికి గోడతో సమానం, ఒక్కటైనా దించి కట్టాలి.

2025 సెప్టెంబర్ 2 దాకా 79 ఏళ్లు దాటిన వాళ్లకు మామూలుగా ఇంటర్వ్యూ మాఫీ ఉండేది. అది తీసేశారు. ఇప్పుడు 80 ఏళ్ల అవ్వ కూడా చాలావరకు తానే పోయి నిలబడాలి. వయసు మీద పడి నడక పోయినవాళ్లలో చాలామందికి సదరం సర్టిఫికెట్ ఉండదు, ముసలితనానికి సర్టిఫికెట్ ఏమిటని క్యాంపుకు పోరు. సర్టిఫికెట్ లేకున్నా, డాక్టర్ చీటీ చూపితే సాయం అందాలి.

ఇంటి నుంచి నింపే ఫారం కూడా తక్కువ తిప్పలు పెట్టదు. డీఎస్-160 ఫారం ముందు 20 నిమిషాలు ఊరికే కూర్చుంటే అది మూసుకుపోతుంది. ఒంటి చేత్తో ఒక్కో అక్షరం కొట్టేవాడికి, కళ్లు కనబడక వినుకుంటూ నింపేవాడికి 20 నిమిషాలు ఇట్టే అయిపోతాయి. మధ్య మధ్యలో భద్రం చేసుకుంటూ పోండి, దరఖాస్తు నంబరు రాసి పెట్టుకోండి. ఇది తెలియక మీసేవ, ఇంటర్నెట్ సెంటర్ల చుట్టూ తిరిగి డబ్బు పోగొట్టుకుంటున్నారు.

అన్నింటికన్నా మమ్మల్ని బాధపెట్టేది ఒక పుకారు. కుర్చీలో పోతే వీసా కొట్టేస్తారనీ, కర్ర బయట వదిలి కాళ్లీడ్చుకుంటూనైనా నడిచి పొమ్మనీ కొందరు ఏజెంట్లు చెబుతున్నారు. నమ్మకండి. అమెరికా వీసా చట్టంలో వైకల్యం ఉన్నంత మాత్రాన వీసా ఇవ్వొద్దన్న మాట లేదు. ప్రయాణం ఖర్చు, వైద్యం ఖర్చు ఎవరు పెట్టుకుంటారని అడగొచ్చు, తిరిగి వస్తావా అని అడుగుతారు. ఆ ప్రశ్నలు అందరికీ ఉన్నవే. దాచిపెట్టి పోయినవాడు సాయం అడగలేక లైన్‌లోనే కుప్పకూలుతాడు, అంతే లాభం. అసలు వికలాంగుడికి విమానం ఎందుకని మన ఊళ్లోనే అడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పి కాగితం ఖరాబు చేయం.

ఇక చట్టం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సేవలు అందించేవాళ్లు ప్రభుత్వమైనా ప్రైవేటైనా, నిబంధనలు వచ్చిన రెండేళ్లలో ఆ సేవలు వికలాంగులకు అందేలా చేయాలని 46వ సెక్షన్ చెబుతుంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే 2019 జూన్‌తోనే గడువు తీరిపోయింది. పాత భవనాలకిచ్చిన ఐదేళ్లూ 2022తో అయిపోయాయి. చట్టం తప్పితే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, మళ్లీ తప్పితే 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా.

"కాన్సులేట్ వాళ్ల దేశం కింద లెక్క, మన చట్టం చెల్లదు" అంటారు చదువుకున్నవాళ్లు. అది సగమే నిజం. 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం కాన్సులేట్ లోపలికి మన అధికారులు అనుమతి లేకుండా పోలేరు. అదే ఒప్పందం, ఉన్న దేశపు చట్టాలను గౌరవించాలని వాళ్లకూ చెప్పింది. పైగా వైకల్యం పేరుతో ప్రభుత్వ కార్యక్రమాల్లో వివక్ష కూడదని అమెరికా 1973లోనే సొంత చట్టం చేసుకుంది. తమ ఊళ్లో పాటించే మర్యాదను మన ఊళ్లోనూ పాటించమని అడగడం తప్పా?

ఇంకా ముఖ్యమైనది వేరే ఉంది. ముద్రలు తీసుకునే కేంద్రాలు కాన్సులేట్లు కావు. బ్రిటన్ వంటి చాలా దేశాల తరఫున దరఖాస్తులు తీసుకునేవి ప్రైవేటు కంపెనీలు. అవి మన నేల మీద, మన చట్టం కింద నడిచే వ్యాపారాలు. గేటు బయటి ఫుట్‌పాత్ మనది, బస్టాప్ మనది, మెట్రో మనది. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ దాకా లిఫ్టుల మీద పోవచ్చు. నానక్‌రామ్‌గూడకు మాత్రం ఆ వసతి లేదు, రాయదుర్గంతో మెట్రో ఆగిపోతుంది. అక్కడి నుంచి వీల్‌చైర్ ఎక్కే బస్సు ఒకటి పొద్దున పూట తిప్పమని ఆర్టీసీని అడుగుతున్నాం. లైన్‌లో నిలబడేచోట నీడ, కుర్చీలు, నీళ్లు, వీల్‌చైర్ పట్టే మరుగుదొడ్డి మున్సిపల్ కార్పొరేషన్ పెట్టాలి.

2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో ఒక మాట తేల్చింది. వికలాంగులకు దారులు, వసతులు అనేవి చేస్తే చేయండి అన్నట్టు ఉండే సలహాలు కావు, తప్పనిసరి నిబంధనలుగా ఉండాలని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయమే. దేశానికి దారి చూపిన ఊళ్లోనే దారి లేదంటే వినడానికి బాగుండదు.

ఒక విడ్డూరం చూడండి. కొన్ని దేశాల వీసాలకు అదనంగా డబ్బు కడితే కంపెనీ మనుషులే మిషన్ పట్టుకుని మన ఇంటికొచ్చి ముద్రలు తీసుకుపోతారు. అంటే చేయలేని పని కాదు, చేస్తూనే ఉన్నారు, కాకపోతే అమ్ముతున్నారు. లైన్‌లో నిలబడే ఓపిక లేని ధనవంతుడికి అది సుఖం. మంచం దిగలేని మనిషికి వేరే దారే లేదు. సుఖానికి ధర పెట్టుకోండి, వైకల్యానికి పెట్టకండి. పూర్తి వైకల్యం ఉన్నవాళ్లకు మామూలు ఫీజుకే ఇంటికి రావాలి. అది కుదరదంటే నెలకొకసారి నల్లగొండలో క్యాంపు పెట్టాలి. పాస్‌పోర్ట్ పనిని పోస్టాఫీసు దాకా తెచ్చిన దేశంలో ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2009లో హైదరాబాద్‌లో అమెరికా వీసాలు మొదలయ్యేదాకా మనం చెన్నై పోయి వచ్చినవాళ్లమే. దూరం ఒకసారి తగ్గించినవాళ్లు ఇంకోసారీ తగ్గించగలరు.

అడగడం మన జిల్లాకు కొత్త కాదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీలో నిలబడితే బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినబడింది. పోలియోతో చంకకర్రల మీద నడిచిన జైపాల్ రెడ్డిని 1999లో, 2004లో మన పాత మిర్యాలగూడ స్థానమే పార్లమెంటుకు పంపింది. ఆయన కాళ్లు చూసి ఓటు ఆపలేదు ఈ ప్రాంతం.

చేయాల్సింది ఇది. అపాయింట్‌మెంట్ తీసుకున్న రోజే మీకేం సాయం కావాలో కాన్సులేట్‌కో వీసా కేంద్రానికో మెయిల్ రాయండి: వీల్‌చైర్, తోడు మనిషి, సైగల భాష, కూర్చునే వీలు, ఏదైనా సరే. జవాబు కాగితం మీద తీసి వెంట పెట్టుకోండి. జవాబు రాకపోతే, వచ్చినా అక్కడ సాయం అందకపోతే, తారీఖు, టైము రాసి మాకివ్వండి. అన్నీ కలిపి రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేస్తాం, విదేశాంగ శాఖ ముందు పెట్టమని మన ఎంపీకి ఇస్తాం.

నల్లగొండ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో వినతిపత్రం ఇస్తున్నాం. వచ్చేవాళ్లు సదరం సర్టిఫికెట్ గానీ డాక్టర్ చీటీ గానీ జిరాక్స్ రెండు కాపీలు తెచ్చుకోండి. నడవలేనివాళ్లు రానక్కర్లేదు, సంతకమో వేలిముద్రో పెట్టి ఇంట్లోవాళ్లతో పంపండి.

ఇట్లు,
హాలియా ప్రాంత వికలాంగులు, వాళ్ల కుటుంబసభ్యులు